మూడో తాళంచెవి

ఆదివారం ఆరాధన అయ్యాక
బెంచీలు గోడకు జరిపి చాప మీద కూర్చుంటాం.
నడుమ రేకుపెట్టె. మూడు తాళాలు, ముగ్గురు ఆడవాళ్లం.
మూడో చెవి నా మెడలో, సిలువ పక్కనే.
నడుస్తుంటే రెండూ ఒరుసుకుంటాయి.

మలావి సరస్సు మీద పురుగుల మబ్బు
పొగలా లేచిన వారం
నల్ల కారులో ఒకాయన దిగాడు.
నెలకు రెట్టింపు అన్నాడు.
ప్రార్థనతోనే మొదలెట్టాడు మరి.
ఆమెన్ గట్టిగా అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.
చెవి అప్పటికే చేతిలోకి వచ్చేసింది.

న్యామ్‌హాంగో లేచింది.
చిటెంజె కొంగులోంచి పాలపొడి డబ్బా తీసి
చాప మీద బోర్లించింది:
పొయ్యి పక్కన తొమ్మిదేళ్లు పాతిపెట్టిన క్వాచాలు,
చెదలు వదిలేసిన అంచులు,
ఎవరిదో ఒక చెవి, సగం సున్నా.

"పాతితే ఇదీ సంగతి," అంది.
కిటికీలోంచి కారు వైపు చూసి,
"చెదలకు చక్రాలుంటాయని మాత్రం
ఇవాళే తెలిసింది."

ఆయన టీ తాగకుండానే వెళ్లాడు.

తవోంగాకు కుట్టుమిషను ఇప్పించాం.
బడిపిల్లల చొక్కాలు కుడుతోంది,
వడ్డీ వారం తప్పడం లేదు.
వతిపాసోకు వల.
రెండో రాత్రే నీటిగుర్రం దాన్ని తొక్కేసింది.

ఈ లోటు ఏ పద్దులో రాయాలని
పాస్టరుగారిని అడిగాను.
ఆయన చాలాసేపు నీళ్లకేసి చూసి
"పిల్లాడు మళ్లీ పడవెక్కాడా?" అన్నాడు.

రాశాను. లెక్క లెక్కే.
పెన్సిలుతో రాశాను.