మంద్రం ఎక్కడ కూర్చుంటుంది

వల్పరాయిసోలో మా ఇల్లు కొండకి వేలాడుతుంది,
ఉతికి ఆరేసిన చొక్కాలా.
గోడలు చెక్క, చెక్క మీద ముడతల రేకు.
ఓడరేవులో క్రేను దిగి
నూట అరవై మెట్లెక్కి వచ్చే మనిషికి
కాస్త పాట కావాలనుకోవడం అత్యాశ కాదనుకున్నాను.

ఎవారిస్తో కొట్టు మూసేస్తున్నాడు.
నలభై ఏళ్లు రేడియోల పొట్టలు కోసిన చేతులు.
ఛాతీ ఎత్తున్న నల్ల స్తంభాల మీద నేను చెయ్యి వేస్తే
ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాడు.
"గదెంత?"
"మూడున్నర మీటర్లు, అటువైపు నాలుగు."
"ఏనుగుని కొని పడకగదిలో కట్టేస్తావా?"
పుస్తకాల అరలో పట్టే చిన్న జత ఇచ్చాడు,
ఒకదాని అంచు ఎలకో కాలమో కొరికింది.
"వీటికి గొంతుంది, కడుపు లేదు" అని
కడుపుని వేరే పెట్టెలో కట్టాడు:
పది అంగుళాల సబ్‌వూఫర్, ఇరవై రెండు కిలోలు.
మోసే గాడిదని నేనే.

ఆదివారమంతా కొలత టేపుతో గడిచింది.
రెండు స్పీకర్లూ నా కుర్చీ, మూడు వైపులా సమానం;
ట్వీటర్లు చెవి ఎత్తుకి రావాలని
కింద ఇటుకలు, ఇటుకల కింద పాత కంబళి ముక్కలు.
గోడకి జరిపితే గొంతు బొంగురుపోతుంది,
ముందుకి లాగితే నా మోకాలికి తగులుతుంది.
రెండింటినీ రవ్వంత లోపలికి తిప్పగానే
ఎడమా కుడీ కాని చోట, కిటికీకి కాస్త ముందు,
ఒకామె నిలబడి పాడింది.
అక్కడ గాలి తప్ప ఏమీ లేదని తెలిసీ
చొక్కా గుండీ పెట్టుకున్నాను.

సబ్‌వూఫర్ మాత్రం మాట వినలేదు.
మూలన పెడితే గదంతా ఒకటే ఆవలింత,
నడిమధ్యన పెడితే మూగనోము.
ఎవారిస్తో ఫోనులో నవ్వాడు:
"దాన్ని నీ కుర్చీలో కూర్చోబెట్టు.
నువ్వు నేల మీద పాకు.
నీకెక్కడ బాగా వినబడితే అదే దాని చోటు."

యాభై నాలుగేళ్లవాణ్ణి.
పెట్టె రాజులా కుర్చీలో కూర్చుంటే
గోడ వెంట మోకాళ్ల మీద తిరిగాను.
పొయ్యి దగ్గర డబుల్ బాస్ అసలు లేదు.
తలుపు దగ్గర బురద.
గొడుగుల బుట్ట పక్కన, చెవి నేలకి ఆన్చితే,
తీగ మీద వేలు జరగడం వినబడింది,
ఏ స్వరానికా స్వరం విడివిడిగా,
పలుకు మీద దించిన అన్నంలా.

అప్పుడే కింది ఇంటి తలుపు భళ్లున తెరుచుకుంది.
దోన్యా ఎదెల్మీరా. రాత్రి గౌను, చేతిలో టార్చి, చంకలో పిల్లి.
తలుపు చట్రం కింద నిలబడి
రేకులు ఆగడం కోసం చూస్తోంది.
నేల కదిలితే మా కొండమీద అందరూ నిలబడేది అక్కడే.
"భూమి కాదు, నేనే" అన్నాను మెట్ల మీంచి.

ఆ వారమంతా ఆవిడ నా చెవిలో ఇల్లు కట్టుకుంది.
నేను రేకుకీ చెక్కకీ మధ్య ఫెల్టు కూరాను,
పెట్టెకి రబ్బరు పాదాలు తొడిగాను,
మీట ఎనభై దగ్గర ఆపి, మోత సగానికి దించాను.
చివరికి ఒప్పందం:
పాట పెట్టేముందు చీపురు కర్రతో నేల మీద రెండు దెబ్బలు.
"వినబడితే నువ్వు, వినబడకపోతే దేవుడు" అంది.

ఆగస్టులో ఒక రాత్రి.
ఆంప్లిఫయర్ ఆపి చాలాసేపయింది, కుర్చీలో కునుకు.
గొడుగుల బుట్ట వైపు నుంచే మొదలైంది,
ఏ మీటకీ అందనంత అడుగున,
చెవికి కాదు, పళ్లకి వినబడేది.
ఫెల్టు కూరిన రేకులు కూడా నోరు తెరిచాయి.
కింద నుంచి కప్పు మీద ధనధన:
"తగ్గించు అన్సెల్మో, పదకొండయింది!"

గోడ పట్టుకుని దిగాను.
"దోన్యా, నేను కొట్టలేదు."
ఆవిడ మనసులో వెనక్కి లెక్కపెట్టుకుంది.
రెండు దెబ్బలు. లేవు.
పక్కకి జరిగి చట్రంలో నాకు చోటిచ్చింది.
మధ్యలో పిల్లి.

అంతా ఆగాక, లోపల ఎక్కడో
ఒక్క గాజు గ్లాసు ఇంకా సన్నగా మోగుతుంటే,
"నీ పెట్టె కన్నా స్పష్టంగా ఉంది" అంది.

"దాని గది పెద్దది" అన్నాను.