బొత్తాం

చిక్కపేటలో ఆకాశం నీలం టార్పాలిన్.
ఈ మేడ కమ్మీకీ ఆ మేడ కమ్మీకీ
కొబ్బరితాడుతో బిగించి కట్టిన ఆకాశం.
ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులో
చీరల మూటలు నెత్తిన పెట్టుకుని
"సైడ్, సైడ్" అని హమాలీలు దూసుకొస్తుంటే
హిసాయో గారు ప్రతిసారీ గోడకి అతుక్కుని
నడుం దాకా వంగి దారిచ్చింది.
అది నమస్కారమని వాళ్లకి తెలీదు.
తెలిసినా
నెత్తిన మూట ఉన్నవాడు తిరిగి వంగలేడు.

నేను దుభాషిని. గంటకి ఆరు వందలు.
వారమంతా బిడది ఫ్యాక్టరీలో
నట్లూ బోల్టులూ బిగింపు లెక్కలూ
ఈ నోట్లోంచి తీసి ఆ నోట్లో పెడుతుంటాను.
శనివారం సెలవుపూట
ఇంజినీరు గారి అమ్మకి ఊరు చూపించమన్నారు.
పట్టుచీర వద్దంది, గంధపు ఏనుగు వద్దంది.
పైన కప్పున్న వీధి ఏదైనా ఉందా అంది.

వాళ్ల ఊళ్లో ఉందట అలాంటిది,
అర కిలోమీటరు, మొత్తానికీ గాజు కప్పు.
అందులో వాళ్ల నాన్నది గొడుగుల కొట్టు.
వాన పడని వీధిలో గొడుగులెవరు కొంటారండీ
అని అడగనే అడిగాను.
"మాది చివరి కొట్టు,
కప్పు అయిపోయే చోట" అంది.

కోదండయ్య శెట్టి దుకాణంలో
నేల నుంచి అటక దాకా చెక్క సొరుగులే.
ఏ సొరుగులో ఏముందో
దాని మొహాన ఒకటి తీగతో కట్టి ఉంది.
ఆమె కోటు కింది అంచు చూపించి
ఊడిపోయిన చోట వేలు పెట్టి
"బోతాన్" అంది.
నేను నోరు తెరిచేలోపే
"బొత్తామా? ఎన్ని డజన్లు కావల్ల?" అన్నాడాయన.

నాలుగేళ్లు రాత్రి క్లాసులకి పోయి నేర్చుకున్న భాష
నా నోట్లోనే ఉండిపోయింది.
ఏ ఓడవాడో ఎప్పుడో
ఒకే మాటని రెండు రేవుల్లో దించిపోయాడు కాబోలు.

ఒక్కటే చాలని వేలు చూపింది.
"హోల్‌సేలమ్మా, ఒకటి అమ్మేది లేదు" అంటూనే
నాలుగు సొరుగులు లాగి, కళ్లజోడు పైకి తోసి,
కోటు దగ్గర పెట్టి పెట్టి చూసి
అట్ట మీది దారం పంటితో కొరికాడు.
అమ్మేది లేదన్నాడు గదా, డబ్బు తీసుకోలేదు.

మీ వీధి ఇప్పుడెట్లుందో కనుక్కోమన్నాడు.
ఆమె చేతిని పైనుంచి కిందికి దించి
"షత్తా" అంది. మళ్లీ దించింది. మళ్లీ.
"షట్టరా..." అని ఆయనే సాగదీశాడు.
"మెట్రో తవ్వినప్పుడు మాదీ అంతే.
రెండేండ్లు దుమ్ముకే బేరం."
ఇది మాత్రం నేనే చెప్పాను.
దుమ్ము అనే మాట కోసం కాసేపు తడుముకున్నాను.

అప్పుడు వాన.
బెంగళూరు వాన, చెప్పాపెట్టకుండా.
టార్పాలిన్ బొజ్జ కట్టింది,
చూలింత పొట్టలా కిందికి దిగి
నీలంగా వణుకుతోంది మా తలల మీద.
ముబారక్ అనే కుర్రాడు
కొసన గుడ్డ చుట్టిన వెదురుకర్రతో వచ్చాడు.
ఆమె చెయ్యి చాపింది.
వాడు నా వైపు చూశాడు, ఏమంటోందని.
ఏమీ అనలేదురా, ఇయ్యి.

డెబ్బై రెండేళ్ల మనిషి
మునివేళ్ల మీద లేచి
ఆకాశాన్ని ఒక్క పోటు పొడిచింది.
నాలుగు బిందెల నీళ్లు
సందు చివర ఎవరిదో స్కూటరు మీదా
సగం నా మీదా.
వీధి వీధంతా ఓయ్ అని అరిచింది.
ఆమె నోటికి చెయ్యడ్డం పెట్టుకోవడం మరిచిపోయి నవ్వింది.
పిడికిలిలో బొత్తాం అట్లాగే ఉంది.

టార్పాలిన్ మళ్లీ నిండుతోంది.
ముబారక్ కర్ర వెనక్కి అడగలేదు.