చేయి జారిన రాయి

నోరు జారిన మాటని వెనక్కి తీసుకోలేం.
చేయి జారిన రాయిని మాత్రం
కాస్త బతిమాలుకోవచ్చు.
నా పని అదే.
పన్నెండేళ్ళు అదే చేశాను.

టార్నోలో మూడొందల మందిమి.
గోధుమల గోదాము, ఉల్లిపాయ గోపురాల చర్చి,
రేకుల షెడ్డులో రెండు మంచు బాటలు.
బయట మైనస్ ముప్పై ఎనిమిది.
వెచ్చదనం కోసం
మంచు మీదికి వెళ్ళే పిల్లలం మేము.

స్కూలు బస్సు షెడ్డులో పెట్టొచ్చి
నాన్న వీపుకి డబ్బా తగిలించుకునేవాడు.
వెనక్కి నడుస్తూ నీళ్ళు చిలకరించేవాడు.
చినుకు చినుకూ పొక్కులా గడ్డకట్టేది.
నున్నటి మంచు మీద రాయి దూరం పోదని,
పొక్కుల మీదే నడుస్తుందని
ఒరీసియాకి ఆరేళ్ళకే తెలుసు.
నాకు ఇప్పటికీ పూర్తిగా నమ్మకం లేదు.

మొదట్లో చెల్లెలు రాయిని వదిలేది కాదు.
దానితోబాటు తనూ జారిపోయేది,
ముక్కు మంచుకి రాసుకుంటూ.
రింకు వంటగది కిటికీలో నాయనమ్మ
పిండి చేతులతో చప్పట్లు కొట్టేది,
తెల్లటి పొగ లేచేది.

పద్నాలుగేళ్ళకి తను కెప్టెన్.
పెద్దదాన్ని నేను, చీపురు నాది.
ఈ ఆటలో గురిని ఇల్లు అంటారు.
అవతలి కొసన ఇంట్లో నిలబడి తను కేకేస్తుంది,
రాయికి ముందు నేను పరిగెడతాను.
దారి తను చూస్తుంది, వేగం నేను చూస్తాను.
మన ఇంట్లో ఏనాడైనా చీపురు ముట్టావా అని
అమ్మ ఎత్తిపొడిచేది.
చెల్లెలి కేకకి మాత్రం
భుజం కీలు అరిగేదాకా ఊడ్చాను.

యార్క్‌టన్, స్విఫ్ట్ కరెంట్, ప్రిన్స్ ఆల్బర్ట్.
మోటెల్ గదిలో ఒకటే మంచం,
హీటరు మీద ఎండని సాక్సులు.
నిద్రలోనూ కేకేసేది.
దుప్పటి కింద నా కాళ్ళు కదిలేవి.

తనకి పంతొమ్మిదో ఏడు. ప్రావిన్సు ఫైనల్.
ఆఖరి అంచె, ఆఖరి రాయి, మాదే.
ఒరీసియా వదిలిన తీరులోనే తెలిసిపోయింది.
ఊడ్చక్కర్లేదు, దాదాపు.
ఆ దాదాపు కోసమే వంగాను.
రెండు దెబ్బలు. మూడోదానికి
చీపురు అంచుకి ఏదో తగిలింది.
తగిలినట్టనిపించింది.
ఈగ వాలినంత.
పక్కన ఊడుస్తున్న మార్నీకి తెలీదు.
అంపైరు కాఫీలో చక్కెర కలుపుకుంటోంది.
రాయి ఏమీ ఎరగనట్టు
ఇంటిదారి పట్టింది.

చేయెత్తాను.
ఇక్కడ ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకోవాలి.
మార్నీ నా మొహం చూసి, రాయిని కాలితో ఆపింది.
అవతలి పిల్లలు గెలిచి కూడా
కాసేపు కౌగిలించుకోలేదు.

మూడు గంటల దారి.
సగం దాటేదాకా వైపర్ల చప్పుడే.
పెట్రోలు బంకులో ఒరీసియా
పొద్దుతిరుగుడు గింజల పొట్లం కొంది,
సగం నా ఒళ్ళో పోసింది.
పొట్టు కప్పులోకి ఉమ్ముతూ అడిగింది:
"నిజంగా తగిలిందా?"
తగిలిందన్నాను.
తెలీదు అనాల్సింది.
ఆ మాట జారిపోయింది,
దాని ముందు ఊడ్చేవాళ్ళెవరూ లేరు.

మార్చిలో సాస్కటూన్ జట్టు తనని పిలిచింది.
జీతమిచ్చి పెట్టుకున్న కోచ్,
జాకెట్ల మీద ట్రాక్టర్ల కంపెనీ పేరు.
వెళ్ళమని చెప్పాను.
చెప్పడానికి నెల పట్టింది.
తన పాత బూట్లు తీసుకెళ్ళలేదు,
ఎడమదాని అడుగున జారుడు బిళ్ళ
సగం ఊడిపోయి, గుమ్మం దగ్గరే ఉన్నాయి.
వాటిని తొక్కి ఇద్దరు చుట్టాలు పడ్డారు కూడా.

ఇప్పుడు నాన్న డబ్బా నా వీపున ఉంది.
వెనక్కి నడవడం తేలికే,
నీళ్ళు ఎంత వెచ్చగా ఉండాలన్నదే
ఎవరూ సరిగా చెప్పరు.

శనివారం మధ్యాహ్నం వంటింట్లో టీవీ.
బంగాళాదుంపలు తరుగుతూ
సౌండు తగ్గించమంది అమ్మ.
తగ్గించాను.
అయినా వినబడింది ఒరీసియా కేక,
సన్నగా, ఏదో డబ్బాలోంచి వచ్చినట్టు.
బల్ల కింద నా కాళ్ళు కదిలాయి.
కప్పులో టీ వణికింది.
అమ్మ కత్తి ఆపి చూసింది.
చేయి తుడుచుకుని,
తనే లేచి
సౌండు పెంచింది.