బాణం మొనలు

మోల్డ్ లాఫ్ట్ నేల మీద
ఓడని పడుకోబెట్టి గీస్తారు, పూర్తి పొడవున.
చెప్పులు గుమ్మం బయటే.
సుద్ద పూసిన దారం చెరో కొసా పట్టుకుని
పైడిరాజు మేస్త్రీ, నేనూ.
ఎత్తి వదిలితే టప్‌మని
నల్ల నేల మీద తెల్లగా ఒక గీత.

చేరి పదకొండో రోజు.
ఒకదాని కింద ఒకటి రెండు గీతలు.
పైదాని కొలత బాణాలు బయటికి చూస్తున్నాయి.
కిందిదానికి చోటు చాలక ఎవరో తిప్పేశారు,
బయటినుంచి వచ్చి రెండు కొసల్నీ పొడుస్తున్నట్టు.

"కిందిది నాలుగు వేళ్ళు పొడుగండీ" అన్నాను.
ఆయన నడుముకున్న టేపు తీసి చేతిలో పెట్టాడు.
రెండూ ఒకటే.
మళ్ళీ కొలిచాను, మోకాళ్ళ నిండా సుద్ద.
ఒకటే.
లేచి చూస్తే
కిందిది మళ్ళీ పొడుగే!

"కొలిసినాక కూడానేటమ్మా?"
"కొలిచాక కూడానే."
నవ్వుతాడనుకున్నాను.
"నాకూ అంతే, ముప్పై ఒక్క ఏళ్ళనించి.
కంటికి బుద్ధి సెప్పలేం.
సేతికి సెప్పుకోవాల."

సాయంత్రం సింధియా దగ్గర బస్సు ఆగిపోయింది.
పొద్దున షెడ్డు పక్కన ఆకాశాన్ని మూసేసిన ఓడ
డాల్ఫిన్స్ నోస్ కొండ దాటాక
కత్తిరించిన గోరు ముక్క.
మా సూరీడక్క పక్కన నిలబడితే నేను పొట్టి,
పూర్ణా మార్కెట్లో కవ్వళ్ళమ్మే ముసలమ్మ పక్కన పొడుగు.
నేనేమో అంగుళం కూడా కదల్లేదు.
లాఫ్ట్‌లో నలభైమంది మగవాళ్ళు,
వాళ్ళ మధ్య నా గొంతు ఎంత పొడుగో
ఇంకా ఎవరూ టేపు పెట్టలేదు.

మే నెల.
మిట్టమధ్యాహ్నం యార్డులో ఉక్కు పలక మీద
టేపు పరవబోతుంటే చెయ్యి పట్టి ఆపాడు.
"ఇప్పుడొద్దు. ఎండకి పలక సాగుతాది.
టేపూ సాగుతాది, దాని లెక్క దానిది.
రేపు ఆరింటికి రా."

టేపు కూడానా!
ఆ రాత్రి పడుకుని
చాప అంచులు చూస్తూ ఉండిపోయాను,
ఏ అంచు ఎంత అని కాదు,
దాని పక్కన ఏముందా అని.

ఆరింటికి పలక చల్లగా ఉంది.
చెరో కొసా పట్టుకున్నాం.
సముద్రపు గాలికి దారం చెమ్మగిల్లి
సుద్ద సరిగ్గా పట్టలేదు,
గీత మధ్యలో జానెడు మేర తెగింది.
తెగిన చోట గీత ఉన్నట్టే కనిపిస్తోంది నాకు.
చెప్పాను.
"నాకూ కనిపిస్తంది" అన్నాడు మేస్త్రి,
"అయినా మళ్ళీ కొడదాం. పట్టు."