మూడు దాటదు

ట్కిబులిలో బొగ్గుగని మూతపడ్డ చలికాలం.
రాత్రిబడిలో మిగిలింది ఐదుగురు.
కట్టెల పొయ్యి దగ్గరికి బెంచీలు జరుపుకుని
తడి మేజోళ్ళు ఆరబెట్టుకుంటూ
అనంతం గురించి వింటున్నారు.

ఎతేరి టీచరు చేతిలో సుద్ద గోరంత.
"ఎన్ పెద్దదవుతోంది," అంటుంది.
ఎంత పెద్దది?
"నువ్వు ఎంతంటే, అంతకన్నా."

జుంబెరి వ్యాన్ డ్రైవరు. నలభై ఆరేళ్ళు.
కుతాయిసికి రోజుకు ఆరు ట్రిప్పులు.
లెక్కలు నేర్చుకుందామని రాలేదు,
ఒకే ఒక లెక్క తేల్చుకుందామని వచ్చాడు.
తాకట్టు కొట్టు వాజా దగ్గర అప్పు,
ఏడాదికి నూటికి నూరు.
(అక్కడి రూపాయి పేరు లారీ.
మోసేవాడికే తెలుస్తుంది పేరులోని బరువు.)

"ఒక లారీకి ఏడాది చివర రెండు. ఒప్పుకున్నా.
ఆర్నెల్లకోసారి వడ్డీని అసల్లో కలిపితే?"
రెండుంపావు.
"నెలనెలా కలిపితే?"
రెండు లారీల అరవై ఒక్క తెత్రీలు.
"రోజూ? గంటగంటకూ?
వాడు నిద్ర మానుకుని
రెప్ప కొట్టినప్పుడల్లా కలిపితే?"

ఆమె రాస్తోంది, చేతి అంచుతో తుడుస్తోంది, మళ్ళీ రాస్తోంది.
రెండు డెబ్బై ఒకటి.
రెండు డెబ్బై ఒకటి ఎనిమిది.
పెరగడం ఆగలేదు గానీ
పెరిగేదంతా చుక్కకు కుడివైపు, ఎక్కడో దూరాన,
గోడ అవతల ఎలుక గీకుతున్నట్టు.

"మూడు దాటదు," అంది.
"ప్రతిసారీ పెరుగుతుంది. ఎన్నటికీ మూడు కాదు."

ఆశకు అంతు లేదంటారు.
ఉందట. లెక్కగట్టారట.
వాజా కాలాన్ని ఎంత సన్నగా తరుక్కున్నా
ఏడాది తిరిగేలోగా
ఒక లారీ మూడు లారీలు కాలేదట.
జుంబెరి నవ్వాడు, చాన్నాళ్ళకి,
చొక్కా జేబులో చీటీని
కుక్కపిల్లని తట్టినట్టు తట్టాడు.

అప్పుడే కరెంటు పోయింది.

చీకట్లో మనిషి వేరే మనిషవుతాడు.
"ఇంకొకటి, టీచర్.
ఒకటి. తర్వాత సగం. మూడోవంతు. నాలుగోవంతు.
ఇలా పోతూ ఉంటే చివరికి?"
"సున్నాకి చేరువవుతాయి."
"విడివిడిగా కాదు. అన్నీ కూడితే?"

పొయ్యిలో కట్టె చిట్లింది.
మూడో బెంచీలో లమారా తల వంచుకుంది.
ఊరంతటికీ తెలుసు, మాల్ఖాజ్
గనిలోకి దిగి పైకి రాకపోయి పదకొండేళ్ళు.
తమ్ముడు పోయిన మొదటి ఏడు ఒకటి, నిండుగా ఒకటి.
రెండో ఏడు సగం.
స్టీరింగు పట్టుకుని ఒక పూట కూనిరాగం కూడా తీశాడు.
ఇప్పుడు పదకొండో వంతు,
తలుపు వెనక కొక్కేనికి పాత టోపీ,
ఫిబ్రవరిలో ఒక బుధవారం,
అంతే.

ఎతేరికి జవాబు తెలుసు.
ముప్పై ఏళ్ళుగా చెబుతున్న జవాబు, పరీక్షలో ఐదు మార్కులు.
ఆ మొత్తానికి గోడ లేదు.
ఎక్కడ గోడ కట్టినా నత్తలా పాకి
ఏదో ఒకనాడు దాటేస్తుంది.
ఈ రాత్రి మాత్రం
"నెమ్మదిగా పెరుగుతుంది," అంది.
"పది దాటడానికే పన్నెండు వేల పైచిలుకు మెట్లు."
అబద్ధం కాదు. సగం రుజువు.

"అయితే నా జన్మలో దాటదు," అన్నాడు.
పొయ్యి మూత తీసి ఇంకో కట్టె వేసింది ఆమె.

బడి వదిలాక
వ్యాన్ అద్దం మీద తెల్లటి మంచు.
చిల్లర లెక్క చూసిన చెయ్యి
వేలితో గీస్తూ పోయింది,
అర, మూడోవంతు, పావు, ఐదోవంతు.
పదో మెట్టు దగ్గర ఇంకా రెండూ తొంభై రెండు.
పదకొండోది కలిపాడు.

ఇంజన్ తిప్పాడు. వైపర్లు కదిలాయి గానీ
మంచు కదల్లేదు.
కిందికి దిగి లైసెన్సు కార్డుతో గీకుతుంటే
వెనక సీట్లోంచి లమారా,
ఒళ్ళో పెర్సిమన్ పళ్ళ సంచితో,
"ఎంతసేపు?" అంది.

"మూడు దాటింది," అన్నాడు.
ఆమె గడియారం చూసుకుంది.
ఇంకా పదైనా కాలేదు.