ఏడో గడి

బడిబాట ఫారంలో ఏడో గడి సన్నది.
"ప్రభుత్వ పాఠశాలలో చేర్చకపోవుటకు కారణము."
వేలెడు కూడా లేదు ఆ గడి.

రోహిణి పోయింది గానీ ఎండ పోలేదు.
బడి తెరవడానికి ఇంకా మూడ్రోజులు.
చీమకుర్తి దాటి, టిప్పర్లు లేపిన తెల్లటి పిండిలో
స్కూటీ నెట్టుకుంటా పోయి
క్వారీ అంచున రేకుల గదుల వరసలో
పదకొండో తలుపు ముందు ఆగాను.

పేరు సుకాంతి మాఝీ. ఊరు ఒడిశాలో, నవరంగపూర్ అవతల ఎక్కడో.
మొగుడు కొండకి డ్రిల్లు పడతాడు.
పాప లిప్స, మూడుకొస్తుంది, ప్రైవేటు.

"మా బళ్లో ఫీజు లేదమ్మా,
పుస్తకాలు, బూట్లు, సంచీ, అన్నం, గుడ్లు…"
నేను అప్పజెప్తా ఉంటే
చెంబుడు నీళ్లు నా చేతికిచ్చి
పాఠం అయ్యేదాకా నిలబడ్డ పిల్లలా నిలబడింది.

తర్వాత చెప్పింది, వచ్చినంత తెలుగులో.
మేడం, మీ బడి నాలుక్కి వదుల్తారు.
అయిదుకి కొండ పేలుస్తారు.
ఆ బడి ఆరు దాకా పెట్టుకుంటుంది.
వ్యాను ఈ గడప ముందే దింపుద్ది.
సైరను మోగినప్పుడు
నా పిల్ల ఎక్కడుందో నాకు తెలుసు.
దానికే నెలకి పన్నెండు వందలు.

ఇంగ్లీషు కోసం అనుకున్నాను నేను.
టై కోసం అనుకున్నాను.
స్టాఫ్ రూములో టీ తాగుతా
"వీళ్లక్కూడా మోజేనబ్బా" అని నవ్వింది గుర్తొచ్చి
చెంబులో నీళ్లు కొంచెం కొంచెంగా తాగాను.

ఆమె బియ్యం డబ్బా మూత తీసింది.
గింజల్లో మోచేతిదాకా చెయ్యి పెట్టి
పాలిథిన్ కవరు ఒకటి పైకి లాగింది.
ఫీజు రసీదులు, పందొమ్మిది.
రేషను అక్కడ. ఓటు అక్కడ.
కూలి లెక్క మేస్త్రీ నోట్లో, గది కంపెనీ పేరున.
ఈ రాష్ట్రంలో తన పేరు అచ్చయిన కాగితం ఇదొక్కటే.
తల్లి: సుకాంతి. నివాసం: చీమకుర్తి.
'నివాసం' మీద వేలు పెట్టి చూపించింది.
చదవడం రాదు,
ఆ మాట ఎక్కడుందో ఆ వేలికి తెలుసు.

మరి ముందుగాల మా బడికి రావాల్సింది కదమ్మా?

వచ్చాను మేడం.
రెండేళ్ల కింద. వాన పడతా ఉంది.
ఆధార్లో పాప పేరు తప్పుంది,
దిద్దించుకుని రా అన్నారు.
దిద్దాలంటే మా ఊరు పోవాలి.
పోతే పని పోద్ది.

ఎవరన్నారు అట్టా?

నవ్వింది, తప్పు తనదైనట్టు.
మీరే.

నాకు గుర్తు లేదు.
ఆ వాన గుర్తుంది. వరండాలో తడిసిన రిజిస్టర్లు,
వాటిని ఫ్యాను కింద ఆరబెట్టుకోవడం గుర్తుంది.
బిడ్డనెత్తుకుని నిలబడ్డ మనిషి మాత్రం
ఎంత వెతికినా దొరకదు.

నా హ్యాండుబ్యాగులో కూడా రసీదు ఉంది,
ఒంగోల్లో కార్పొరేటు బడిది, మా వాడిది.
ఇంతవరకూ ఏ ఫారమూ
నన్ను కారణం అడగలేదు.

బయట, అంచు విరిగిందని పారేసిన గెలాక్సీ పలక.
నల్లరాయి నిండా బంగారు నలకలు.
దాని మీద లిప్స తడివేలితో 'అమ్మ' రాస్తోంది.
మకి వత్తు పెట్టేలోపు అ ఆరిపోతోంది.
మళ్లీ మొదట్నుంచి.
తలెత్తకుండానే అడిగింది:
"టీచర్, మీ బడికి వ్యానుందా?"
లేదు.
"మరి సైరనప్పుడు?"

పెన్ను మూత తీశాను.
ఏం రాయాలో తేలకముందే మోగింది.

సుకాంతి ఒక చేత్తో పాపని,
ఇంకో చేత్తో అడక్కుండానే నన్ను
లోపలికి లాగి తలుపేసింది.
చీకట్లో ముగ్గురం, బియ్యం డబ్బా పక్కన.
ఆమె పెదాలు ఏవో అంకెలు లెక్కబెడుతున్నాయి
వాళ్ల భాషలో.
రేకులు అదిరాయి.
నా ఫారం మీద సన్నటి పిండి రాలింది,
గడులన్నిట్లో, సమానంగా.