పర్మినెంట్

పదకొండేండ్లు కాంట్రాక్టు నర్సును.
ఏకశిల పార్కు కాడ, టెంట్ల కింద,
నేనూ జరీనా అరిచిన అరుపులకు
గొంతులు ఎన్నిసార్లు పోయినయో
మిరియాల పాలకే ఎరుక.

ఇయ్యాల నైట్ డ్యూటీల
సెలైన్ మారుస్తుంటే ఫోన్ వణికింది.
ఎన్నడూ చూడని గోధుమచేన్ల ఊరు,
ముప్పై మంచాల దవాఖాన పిలిచి కొలువిస్తే,
ఆ రాష్ట్రం నా పేరు పైకి పంపితే,
పద్నాలుగు నెలలకు
కెనడా రాసింది: పర్మినెంట్.

ఆయా కొంరమ్మ చీపురు గోడకానించి
"ఏ వార్డుల ఏసిన్రు బిడ్డా?" అన్నది.
"మంచు వార్డుల."
నవ్వుకున్నం. ఏడో మంచం తాత నీళ్లడిగిండు.

తెల్లారి రిజిస్టర్ల
కాంట్రాక్టోళ్ల పేజీ తీసి సంతకం పెట్టిన.
నా కింది గడిల జరీనా పేరు.
ఆమె ఇంకా రాలే.
పెన్నుకు మూత పెట్టుడు మర్చిపోయి
అట్లనే నిలబడ్డ.